తేలుతుందో లేదో తెలియని ఆలోచనకి గవర్నమెంట్ గ్రాంట్: గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు మనవాళ్ల కోసం

బరంపురం మెడికల్ కాలేజీలో, ఐసర్‌లో, పర్లాకిమిడి, గుణుపురం వైపు ప్రైవేటు యూనివర్సిటీల్లో, కొరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివేవాళ్లలో, పాఠాలు చెప్పేవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. వాళ్లలో ఎవరికైనా జబ్బుల మీద ఒక వింత ఆలోచన వస్తే పక్కవాళ్లు అనే మాట ఎప్పుడూ ఒకటే, "ఇలాంటివాటికి గవర్నమెంట్ డబ్బులిస్తుందా, వాళ్లకి గ్యారంటీ రిజల్ట్ కావాలి కదా" అని. ఇస్తుంది. ఫెయిలవుతుందేమో అని తెలిసీ ఇచ్చే గ్రాంట్లు మన దేశంలో ఉన్నాయి, కాకపోతే అవి అడిగే పద్ధతి మామూలు ప్రాజెక్టు అడిగే పద్ధతి కాదు, అది తెలియక మంచి ఆలోచనలు మొదటి వడపోతలోనే పోతున్నాయి.

ముందు ఒక మాట. ఇక్కడ హై రిస్క్ అంటే రోగి ప్రాణానికి రిస్క్ అని అర్థం కాదు. మీ ఊహ తప్పయ్యే అవకాశం ఎక్కువ, నిజమైతే మాత్రం చాలామందికి చాలా మేలు, అదీ లెక్క. రోగి భద్రత విషయంలో ఏ గ్రాంటూ ఒక్క అంగుళం కూడా సడలించదు. ఈ రెండూ కలిపేసి "మా పద్ధతి కొంచెం డేంజరే, అందుకే హై రిస్క్ కింద పెట్టాం" అని రాసేవాళ్లు నిజంగా ఉన్నారు, అలా రాస్తే ఆ కాగితం అక్కడితో ఆగిపోతుంది.

మీది నిజంగా కొత్తదేనా

సికిల్ సెల్ సంగతి తీసుకోండి. మన కొండ జిల్లాల్లో, అటు గడ్చిరోలి వైపు కూడా, ఇది ఇంటింటి జబ్బు. జాతీయ సికిల్ సెల్ మిషన్ 2023 జూలై 1న మొదలైంది, 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. అందుకని చాలామంది "తక్కువ ధరలో సికిల్ సెల్ టెస్ట్ స్ట్రిప్" అని ప్రపోజల్ రాస్తారు. మంచి పనే, అవసరం కూడా, కానీ నిమిషాల్లో తేల్చే టెస్టులు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి కాబట్టి ఇది ఉన్నదాన్ని కాస్త మెరుగుపరచడం కిందకే వస్తుంది. దానికి వేరే గ్రాంట్లు ఉన్నాయి, అక్కడ అడగండి. అదే, ఒకే ఊళ్లో ఒకే మ్యుటేషన్ ఉన్న అన్నదమ్ముల్లో ఒకడు నెలకోసారి నొప్పులతో ఆస్పత్రిలో పడుతుంటే ఇంకొకడు పొలం పని చేసుకుంటూ తిరుగుతున్నాడు, ఎందుకు అనే ప్రశ్న వేరు. దాంట్లో కూడా పిండ హిమోగ్లోబిన్ ఎక్కువుంటే తీవ్రత తగ్గుతుందని, ఆల్ఫా థలసీమియా కలిసి ఉంటే తేడా వస్తుందని ఇప్పటికే తెలుసు, దాన్నే మళ్లీ అడిగితే కుదరదు. వాటికి అవతల మీకేం తోచిందో అదే మీ సరుకు.

వెతకడానికి వైద్య పరిశోధన పేపర్లు దొరికే పబ్‌మెడ్ ఒక్కటే చాలదు. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో వెతకండి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో కూడా వెతకండి, ఎందుకంటే పేపర్ రాకముందే అక్కడ ఎవరో నమోదు చేసి ఉంటారు. ఎక్కడా దొరకలేదంటే సంతోషించే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఎవరికీ తట్టకా, తట్టి చేసి చూసి వదిలేశారా? రెండోదైతే, అప్పుడు లేనిది ఇప్పుడు మీ దగ్గర ఏముందో చెప్పగలగాలి.

ఏ తలుపు తట్టాలి

ఇది మీ ఆలోచన బట్టి కంటే మీరెవరు అనేదాన్ని బట్టి తేలుతుంది.

ఉద్యోగం లేదు, లేదా కొత్తగా చిన్న కంపెనీ పెట్టారు, చేతిలో ఒక వస్తువు అయ్యే ఆలోచన ఉంది అంటే మొదట చూడాల్సింది బైరాక్. బయోటెక్నాలజీ డిపార్ట్‌మెంట్ 2012లో పెట్టిన సంస్థ ఇది. వాళ్ల బిగ్ గ్రాంట్, అంటే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్, 50 లక్షల దాకా, 18 నెలల దాకా ఇస్తుంది. ఆలోచన పని చేస్తుందని తొలిసారి రుజువు చేయడానికే ఆ డబ్బు. ఏడాదికి రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న పిలుపు వస్తుంది. ప్రపోజల్‌లో ఏ పార్ట్‌నర్ (బైరాక్ తరఫున మిమ్మల్ని చూసుకునే ఇంక్యుబేటర్, అంటే కొత్త కంపెనీలకి ఊతమిచ్చే కేంద్రం) కిందకి వస్తారో ఎంచుకోవాలి, మనకి దగ్గరగా ఉన్నది భువనేశ్వర్‌లోని కిట్-టీబీఐ, హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్, నాందేడ్, చంద్రాపూర్ వైపు వాళ్లకయితే పుణెలో వెంచర్ సెంటర్. హైదరాబాద్ అయితే తెలుగులో మాట్లాడొచ్చని అటు పరిగెత్తేవాళ్లున్నారు, నన్నడిగితే భువనేశ్వరే మేలు. బరంపురంలో పొద్దున్న రైలెక్కితే పది గంటలకల్లా అక్కడ ఉంటారు, పద్దెనిమిది నెలల్లో వాళ్ల ముందు కూర్చోవాల్సిన సందర్భాలు చాలా వస్తాయి, సాంపిల్స్ పట్టుకెళ్లడానికి కూడా అదే దగ్గర.

కాలేజీలోనో, ఆస్పత్రిలోనో రెగ్యులర్ ఉద్యోగం ఉంటే ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి. 2024లో వాళ్లు ఫస్ట్ ఇన్ ద వరల్డ్ ఛాలెంజ్ అని పెట్టారు, పేరులోనే ఉంది, ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ అనుకోనిది, చేయనిది అయితేనే రమ్మంటారు, కొంచెం కొంచెం మెరుగుపరిచే పనులు వద్దని ముఖం మీదే చెప్పేశారు. ఒక్కరుగా అయినా వేయొచ్చు, వేర్వేరు సంస్థలవాళ్లు కలిసి టీమ్‌గా అయినా వేయొచ్చు. మన ప్రైవేటు యూనివర్సిటీల వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఐసీఎంఆర్ మామూలు బయటి గ్రాంట్లకి ప్రైవేటు సంస్థలనుంచి డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం) గుర్తింపు అడుగుతుంది. మీ కాలేజీకి అది ఉందా లేదా అనేది ఆలోచన రాయడానికి ముందే రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి, లేకపోతే ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎవరినైనా ముఖ్య పరిశోధకుడిగా పెట్టి మీరు సహ పరిశోధకులుగా ఉండటం ఒక దారి.

పాత బ్లాగుల్లో, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లలో సెర్బ్ (కేంద్రం వాళ్ల సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధన బోర్డు) వాళ్ల హై రిస్క్ హై రివార్డ్ స్కీమ్ అని ఇంకా కనిపిస్తుంది. సెర్బ్ ఇప్పుడు లేదు. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్) 2024లో దాన్ని తనలో కలిపేసుకుంది, కాబట్టి స్కీమ్ పేర్లు, ఫారాలు అన్నీ ఏఎన్ఆర్ఎఫ్ సైట్లోనే చూసుకోవాలి. అందులో ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం విడిగా ఇన్‌క్లూజివిటీ రీసెర్చ్ గ్రాంట్ ఉంది. రాయగడ, కొరాపుట్ నుంచి పీహెచ్‌డీ చేసి ఉద్యోగంలో చేరిన సవర, కోంధు, జాతాపు పిల్లలకి ఇది ఎవరూ చెప్పడం లేదు, కనీసం మీకు తెలిసినవాళ్లకి చెప్పండి. జీవితంలో ఐదేళ్లు ఒకే ప్రశ్న మీద కూర్చోగలిగే స్థితిలో ఉంటే ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు కూడా చూడండి, డాక్టర్లకి, ప్రజారోగ్యం వాళ్లకి విడిగా ఉంటాయి. ఇంకా విద్యార్థే అయితే బైరాక్ వాళ్లవే ఈ-యువా, సితారే లాంటివి, ఎంబీబీఎస్ పిల్లలకి ఐసీఎంఆర్ వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ (ఎస్‌టీఎస్). ఒడిశా ప్రభుత్వ యూనివర్సిటీల్లో కొత్తగా చేరిన లెక్చరర్లకి పని మొదలుపెట్టడానికి రాష్ట్రం ఇచ్చే సీడ్ డబ్బు చిన్నదే అయినా తొలి డేటా చేయడానికి సరిపోతుంది.

లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఇన్నోవేషన్) ఫండ్ అని టీవీలో చూసి ఫోన్లు చేసేవాళ్లకి: అది గ్రాంట్ కాదు. తక్కువ వడ్డీ అప్పు, లేదా వాటా పెట్టుబడి, అదీ టెక్నాలజీ ఎంత సిద్ధమైందో కొలిచే టీఆర్‌ఎల్ మెట్లలో నాలుగో స్థాయికి చేరాకే. మనం మాట్లాడుకుంటున్నది ఒకటి, రెండు, మూడు స్థాయిల గురించి.

అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ల హై రిస్క్ గ్రాంట్ల గురించి కూడా అడుగుతారు. 2004లో పయనీర్ అవార్డుతో మొదలైంది, తర్వాత న్యూ ఇన్నోవేటర్, ట్రాన్స్‌ఫర్మేటివ్ వగైరా వచ్చాయి. అక్కడి సంస్థలో ఉన్నవాళ్లకే అవి ప్రధానంగా. కానీ న్యూ ఇన్నోవేటర్‌కి ముందస్తు డేటా తప్పనిసరి కాదు అనే నిబంధన వెనక ఉన్న ఆలోచన మనకి పనికొస్తుంది: డేటా లేనప్పుడు మీ తర్కమే మీ సాక్ష్యం, అది ఎంత బిగువుగా ఉందో అంతే మీ ప్రపోజల్.

ఒక్క పేజీ ముందు రాయండి

ఫారం తెరవకముందే ఒక పేజీ. ఇంగ్లీషులోనే పంపాలి, కానీ మొదటిసారి తెలుగులో రాసుకోండి, మీ అమ్మమ్మకో, ఊళ్లో ఆశా కార్యకర్తకో చదివి వినిపిస్తే అర్థం కావాలి. అర్థం కాలేదంటే తప్పు వాళ్లది కాదు, మీ తర్కంలో ఎక్కడో ఒక మెట్టు లేదు.

ఉదాహరణ లేకుండా ఇది చెప్పడం కష్టం, అందుకని మనందరికీ తెలిసిన, శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీసుకుందాం. గిరిసోలా దాటితే ఇచ్ఛాపురం, అక్కణ్ణుంచి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి తోటల్లో పని చేసేవాళ్లకి షుగర్ లేకుండా, బీపీ లేకుండా కిడ్నీలు పాడవుతున్నాయి, కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. బరంపురంలో పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లలో కూడా ఆ వైపు వాళ్లుంటారు. రెండు విషయాలు డాక్టర్లందరికీ తెలుసు. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ పనితనం దాదాపు సగం పోయి ఉంటుంది. ఇంకోటి, ఈ జబ్బులో దెబ్బ ముందు కిడ్నీ గొట్టాలకి, వాటి చుట్టూ కణజాలానికి తగులుతుంది, మూత్రంలో ప్రొటీన్ చాలాకాలం పెద్దగా పోదు, అందుకని మామూలు మూత్రం స్ట్రిప్ పెడితే అంతా బాగానే ఉందని చూపిస్తుంది.

ఇప్పుడు ఒకరికి ఒక ఊహ వచ్చిందనుకోండి: ఎండలో పని చేసిన రోజు సాయంత్రం మూత్రంలోకి గొట్టాల నుంచి రాలే కణాల్లో ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది, అది మర్నాటికి మాయమవుతుంది, అందుకే పొద్దున్న సాంపిల్ తీసుకునే సర్వేలకి ఇది దొరకలేదు అని. (ఇది నేను ఉదాహరణకి అల్లింది, ఎవరూ నిజమనుకోవద్దు.) దీన్ని చాలామంది ఎలా రాస్తారో చూడండి. మొదటి అరపేజీ ప్రపంచంలో కిడ్నీ జబ్బులు ఎంతమందికో, తర్వాత ఉద్దానం విషాదం, తర్వాత "కాబట్టి వినూత్నమైన బయోమార్కర్లను కనుగొనడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం". చదివేవాడికి ఇందులో కొత్త వాక్యం ఒక్కటీ దొరకలేదు. సాయంత్రం అనే మాటే లేదు! అసలు ఆలోచన అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మొదటి వాక్యంలోనే చెప్పండి, ఇంతవరకు అందరూ పొద్దున్న వెతికారు, దెబ్బ సాయంత్రం కనిపిస్తుందని మా ఊహ. రెండో వాక్యంలో అలా ఎందుకు అనుకుంటున్నారో. మూడో వాక్యంలో, ఇక్కడే చాలామంది భయపడతారు, ఇది తప్పయ్యే అవకాశం ఎందుకు ఎక్కువో మీరే చెప్పాలి: అందరు కూలీల్లోనూ ఎండకి అదే గుర్తు రావచ్చు, అప్పుడు అది జబ్బుకి గుర్తు కాదు, వట్టి నీళ్లు తక్కువ తాగినందుకు వచ్చే మార్పు. ఈ మాట మీరు రాయకపోతే ప్రపోజల్ పరిశీలించే ప్యానెల్లో మొదటి నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) రాస్తాడు, ఆయన రాస్తే అది లోపం, మీరు ముందే రాస్తే అది ప్రణాళిక. తర్వాత వాక్యంలో దాన్ని తేల్చే పరీక్ష: అదే ఎండలో, అంతే పని చేసే, జబ్బు లేని ఊరి కూలీలతో పోల్చి చూస్తాం, రెండు గుంపుల్లో తేడా రాకపోతే మా ఊహ తప్పని ఆరో నెలకే తేలిపోతుంది, అక్కడ ఆపేస్తాం.

హై రిస్క్ గ్రాంట్ రాయడంలో నా దృష్టిలో ఉన్న కిటుకు ఇదొక్కటే. మీ ఊహని చంపగలిగే పరీక్షని చివర పెట్టకండి, మొదటి మైల్‌స్టోన్‌గా, అంటే మొదటి మజిలీగా పెట్టండి. మామూలు గ్రాంట్ రాసే అలవాటు ఉన్నవాళ్లు సులువైన పనులు ముందు పెట్టి, ఆరు నెలలు లిటరేచర్ సర్వే, ఆరు నెలలు పరికరాల కొనుగోలు, అసలు పరీక్ష ఆఖరి మూడు నెలల్లో అని రాస్తారు. డబ్బిచ్చేవాడికి ఇదే భయం, అంతా ఖర్చయ్యాక గానీ తెలియదని. "ఇంత డబ్బుతో, ఇన్ని నెలల్లో తేలుతుంది, తప్పని తేలితే మిగతాది మీ దగ్గరే ఉంటుంది" అని మీరే చెబితే రిస్క్ వాళ్లకి భరించగలిగేంత చిన్నదవుతుంది. విడతలవారీగా డబ్బు వదిలే గ్రాంట్లకి ఇది అచ్చంగా అతుకుతుంది.

ఆపేసే గీత అంకెల్లో ఉండాలి. "సానుకూల ఫలితాలు వస్తే ముందుకు వెళ్తాం" అంటే ఏమీ చెప్పనట్టే. ఎంత తేడా, ఎంతమందిలో, ఎంత వస్తే ముందుకు, ఎంత రాకపోతే ఆపు, అది ఒక స్టాటిస్టిక్స్ మనిషితో కూర్చుని లెక్క కట్టించుకోండి. మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్లో అలాంటివాళ్లు ఉంటారు, మర్యాదగా అడిగితే, ప్రపోజల్లో పేరు పెడితే చేస్తారు.

దూరంగా ఉన్నామనే సందేహం

ప్యానెల్ అడిగినా అడగకపోయినా వాళ్ల మనసులో ఉండే ప్రశ్న, ఆ మూల జిల్లాలో ఇది ఎలా చేస్తారు అని. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు, జబ్బు మన దగ్గరే ఉంది, మనిషి మన దగ్గరే ఉన్నాడు, ఢిల్లీ ల్యాబ్‌కి లేనిది అదే. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పసిపిల్లల ఇన్ఫెక్షన్‌కి ఇంట్లోనే ఇంజెక్షన్‌తో సహా వైద్యం చేయించారు. ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లు వినడానికే ఒప్పుకునే మాట కాదది. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో అచ్చయింది, తర్వాత ఆశా కార్యకర్తలు పసిపిల్లల ఇళ్లకి వెళ్లి చూసే పద్ధతి దేశమంతా వచ్చింది. ఎవరైనా మారుమూల అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

అయితే మెషీన్లు లేవన్నది నిజం, దానికి జవాబు బడ్జెట్లో కనిపించాలి. గ్రాంట్‌లో సగానికి పైగా పెట్టి ఒక పెద్ద యంత్రం కొంటానంటే ఎవరూ మెచ్చరు, అది వచ్చి బిగించేసరికి ప్రాజెక్టు సగం అయిపోతుంది. ఐ-స్టెమ్ పోర్టల్లో దేశంలో ఏ యంత్రం ఎక్కడుందో, ఎంతకి వాడుకోవచ్చో ఉంటుంది. భువనేశ్వర్‌లో ఐఎల్ఎస్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్), ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం, ఎయిమ్స్ ఉన్నాయి, బరంపురంలో ఐసరే ఉంది. "ఫలానా ల్యాబ్‌లో వాడుకుంటాం" అని రాయడంతో సరిపెట్టకుండా ఆ ల్యాబ్ మనిషి సంతకంతో ఉత్తరం జత చేయండి, ఉత్తరం లేని సహకారాన్ని ప్యానెల్ లెక్కలోకి తీసుకోదు.

తుఫాన్ల సంగతి కూడా రాయాలి, బెంగళూరు వాళ్లు రాయరు, మనం రాయాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. రోజుల తరబడి కరెంట్ లేకపోతే మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో ఉన్న సాంపిల్స్ గతి ఏమిటి? కాబట్టి ప్రతి సాంపిల్‌ని రెండు భాగాలు చేసి ఒకటి భువనేశ్వర్‌లో పెడతాం, అక్టోబర్‌లో సేకరణ పెట్టుకోం, జనరేటర్ డీజిల్‌కి ఇంత అని రాస్తే, నేల మీద నిలబడి రాసిన ప్రపోజల్ అని చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఎథిక్స్ కమిటీ, మూడు భాషలు, రెండు రాష్ట్రాలు

అందరూ చివరికి వదిలేసేది, అందరికీ ఎక్కువ ఆలస్యం చేసేది ఇదే. మనుషుల మీద, మనుషుల నుంచి తీసిన సాంపిల్స్ మీద చేసే ఏ పనికైనా నమోదైన ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, 2019 నిబంధనల ప్రకారం బయోమెడికల్ పరిశోధనలు చూసే కమిటీలు డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్ దగ్గర నమోదు కావాలి. మీ కాలేజీ కమిటీ నమోదు గడువు అయిపోయిందేమో చూసుకోండి. నేను చూసిన ఒక ప్రాజెక్టులో, కాలేజీ పేరు వద్దులెండి, గ్రాంట్ మంజూరయ్యాక కమిటీ నెలల తరబడి కూర్చోనే లేదు, సభ్యుల్లో ఒకరు బదిలీ అయితే కోరం సరిపోలేదట. గ్రాంట్ ఫారంతో పాటే ఎథిక్స్ ఫారం కూడా వేసేయండి, మంజూరు కోసం ఆగకండి.

సమ్మతి పత్రం. గంజాంలో ఒడియా, తెలుగు రెండూ కావాలి. గజపతి కొండల మీదకి వెళ్తే సవర, రాయగడ, కొరాపుట్‌లో కుయి, కువి, ఊరిని బట్టి ఇంకేదైనా. ఇంగ్లీషు నుంచి గూగుల్‌లో తెలుగులోకి మార్చి అంటించేసినవి చూశాను, చదివిన నాకే అర్థం కాలేదు. ఒకరు తెలుగులోకి రాయాలి, వేరే మనిషి దాన్ని చూసి మళ్లీ ఇంగ్లీషులోకి రాయాలి, రెండూ పోల్చాలి, కమిటీ ఇది అడుగుతుంది. చదువురాని వాళ్లయితే వేలిముద్రతో పాటు ప్రాజెక్టుకి సంబంధం లేని సాక్షి సంతకం కావాలి. కొండ ఊళ్లలో పెద్దమనిషి ఊపితే ఊరంతా తల ఊపుతుంది, అది సమ్మతి కాదు, ఒక్కొక్కరిని విడిగా అడగాలి. పిల్లలయితే తల్లిదండ్రుల సమ్మతి, ఏడేళ్లు దాటితే పిల్లల ఒప్పుకోలు కూడా. ఈ అనువాదాలకి, దుబాసీలకి, కూలి పోయినందుకు ఇచ్చే పరిహారానికి బడ్జెట్లో డబ్బు పెట్టండి, దాదాపు ఎవరూ పెట్టరు, తర్వాత జేబులోంచి తీస్తారు.

ఉద్దానం ఉదాహరణలోలాగా అటు శ్రీకాకుళం జిల్లాలో కూడా సాంపిల్స్ తీస్తే అక్కడి కమిటీ అనుమతి కూడా కావాల్సి వస్తుంది. అనేక చోట్ల జరిగే పరిశోధనకి ఉమ్మడిగా ఒకే సమీక్ష జరిపే పద్ధతిని ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో పెట్టింది, రెండు కాలేజీలూ ఒప్పుకుంటే అది చాలా నయం. పీహెచ్‌సీల్లో పని చేయాలంటే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఆరోగ్య శాఖ అనుమతి ఎలాగూ తప్పదు. విదేశీ సంస్థ భాగస్వామిగా ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ దాకా వెళ్లాలి, అది మీ టైమ్‌టేబుల్‌లో రాసుకోండి.

మొక్కల మందుల వైపు వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక, ఎందుకంటే కొరాపుట్ అనగానే అందరికీ అదే తడుతుంది. మొక్కలు మంచీ చేస్తాయి, చెడూ చేస్తాయి. 2016లో మల్కన్‌గిరిలో వంద మందికి పైగా పిల్లలు పోయినప్పుడు మెదడువాపు అనుకున్నారు, వాళ్లలో కొందరి విషయంలో అడవిలో దొరికే కసివింద గింజల విషమే కారణమని నిపుణుల బృందం చెప్పింది. గిరిజనులు వాడుతున్నారు కాబట్టి సేఫ్ అని ప్రపోజల్లో రాయకండి, విష పరీక్ష మొదటి మైల్‌స్టోన్ కావాలి. వాళ్ల సంప్రదాయ జ్ఞానాన్ని ఉన్నది ఉన్నట్టు పేటెంట్ చేసుకోవడానికి వీల్లేదు, దాని మీద కొత్తగా చేసినదానికైనా జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య సంస్థ దాకా వెళ్లాల్సి ఉంటుంది. మామూలు పేటెంట్ అయితే కాన్ఫరెన్సులో పోస్టర్ పెట్టకముందే ప్రొవిజనల్ దరఖాస్తు వేసేయండి, పన్నెండు నెలల్లోపు పూర్తి దరఖాస్తు వేయాలి.

పంపేటప్పుడు, పిలిచాక

పోర్టల్ ఆఖరి రోజు నత్తనడక నడుస్తుంది. మూడు రోజుల ముందే అప్‌లోడ్ చేసేయండి. ఆలస్యం చేసేది సాధారణంగా సైన్స్ కాదు, సంతకం. ప్రిన్సిపాల్ ఎన్‌ఓసీ, ఇంక్యుబేటర్ ఉత్తరం, ల్యాబ్ ఉత్తరం, ఇవి పిలుపు రాకముందే మొదలుపెట్టాలి, డీన్ గారు కటక్ మీటింగ్‌కి వెళ్లారంటే వారం పోయినట్టే. ఆఫీసులో క్లర్క్‌కి అసలు ఇదేంటో అర్థమయ్యేలా ఒక పేరాలో ఒడియాలో రాసిచ్చి చూడండి, ఫైలు కదలడంలో తేడా తెలుస్తుంది.

ఇంటర్వ్యూకి పిలిస్తే పది నిమిషాలో పదిహేను నిమిషాలో ఇస్తారు. స్లైడ్‌లు తక్కువ పెట్టండి. ఇంగ్లీషు యాసకి టెన్షన్ పడకండి, ప్యానెల్లో సగం మంది యాస మనకంటే గట్టిది. వాళ్లు తప్పకుండా అడిగేవి రెండున్నాయి: "ఇది పని చేయకపోతే ఏమిటి", "మీరే ఎందుకు". మొదటిదానికి జవాబు పైన చెప్పిన ఆపేసే గీత. దానికి తోడు, ఊహ తప్పని తేలినా మిగిలేది ఏమిటో చెప్పండి, ఉదాహరణలో అయితే సాయంత్రం, పొద్దున్న జంటగా తీసిన సాంపిల్స్ భండారం ఇంకో పరిశోధకుడికి పనికొస్తుంది. రెండోదానికి మీ డిగ్రీలు చదవకండి, ఆ ఊళ్లు మీకెలా తెలుసో, ఆ భాష మీకెలా వచ్చో చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదు, ఇలా తెలుసుకుంటాం అనండి. ఎదురు వాదించి గెలిచినవాళ్లని నేను చూడలేదు.

తిరస్కరిస్తే కారణాలు అడగండి, చాలాసార్లు రాతపూర్వకంగా ఇస్తారు. "చాలా రిస్క్" అని రాస్తే మీ మొదటి మైల్‌స్టోన్ సరిగ్గా లేదని అర్థం, దాన్ని ఇంకా చిన్నది, ఇంకా చవకది చేసి వచ్చే జనవరికో జూలైకో మళ్లీ వేయండి. "కొత్తదనం లేదు" అని రాస్తే ఇంకో స్కీమ్ వెతుక్కోవడం మేలు, అదే కాగితం మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది.

వస్తే, వెంటనే విడిగా బ్యాంక్ ఖాతా తెరవండి, ప్రాజెక్టు డబ్బు ఇంకే ఖాతాలోనూ కలవకూడదు. ప్రభుత్వ సంస్థలో అయితే కొనుగోళ్లు చాలావరకు ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ మీదుగా జరుగుతాయి, రీఏజెంట్ రావడానికి పట్టే కాలం అందులోనే పోతుంది, కాబట్టి మొదటి నెలలోనే మొదటి పరీక్షకి కావాల్సినవన్నీ ఆర్డర్ పెట్టేయండి. ప్రాజెక్టు అసిస్టెంట్‌గా ఒడియా, తెలుగు రెండూ వచ్చిన అమ్మాయినో అబ్బాయినో తీసుకోండి, మార్కులు కొంచెం తక్కువున్నా ఫర్వాలేదు. బిల్లులు ఏ రోజువి ఆ రోజు ఫోటో తీసి పెట్టుకోండి, యూసీ, అంటే ఖర్చు చేసిన సర్టిఫికెట్, పంపకపోతే తర్వాతి విడత రాదు, దాని మీద ఆడిటర్ సంతకం మార్చి నెలలో దొరకదు. ఆరో నెలకి ఊహ తప్పని తేలితే రిపోర్టులో అంకెలతో సహా అలాగే రాసి, మిగిలిన డబ్బు ఏం చేయాలో వాళ్లనే అడగండి. దాచి పద్దెనిమిదో నెల దాకా లాగితే మాత్రం తర్వాత మీరు వేసే ఏ ప్రపోజల్‌నైనా ఆ ఫైలు పక్కన పెట్టుకునే చదువుతారు.